మద్దెల మీద నేరం

"కరెంటు పోతే దీనికి మంచిదిరా" అన్నారు నాన్న, ఆయన కంప్యూటర్ గురించి. జోకుగానే అన్నారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటలో రోగమూ మందూ రెండూ ఉన్నాయని అర్థం కావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అదీ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ని అయ్యుండి.

ఆ డెస్క్‌టాప్ 2011 నాటిది. 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు వాడుకునే మెమరీ), గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్, మధ్యలో నేనే ఎక్కించిన విండోస్ 10. నాన్నకు దాంతో పెద్ద పనులేం లేవు. మెయిలు చూసుకోవడం, పేపరు చదవడం, పాత పాటలు వినడం, ఫొటోలు సర్దుకోవడం. ఏడాదిగా ఆయన ఫిర్యాదు ఒకటే. ఓ పది రోజులు బానే నడుస్తుంది. ఆ తర్వాత బ్రౌజర్ తెరవడానికి రెండు నిమిషాలు, మూయడానికి మూడు నిమిషాలు. మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా కరెంటు పోయి వచ్చిందా, మళ్లీ పది రోజులు హాయి.

నా తీర్పు కూడా ఏడాదిగా ఒకటే: "పాతదైపోయింది నాన్నా, కొత్తది తీసుకుందాం."

ఇప్పుడు నా గొడవంతా ఆ తీర్పు మీదే. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండి, ఇక్కడ ఆడలేనిది ప్రోగ్రామ్. తిట్లు మాత్రం మద్దెలకు. పాత కంప్యూటర్‌కు ఎదురు చెప్పే నోరు లేదు కాబట్టి, ఏం జరిగినా వయసు మీదకి నెట్టేస్తే అందరికీ సుఖం. చూడగా చూడగా నాకు అర్థమైందేమిటంటే, చాలాసార్లు ముసలిదయ్యేది యంత్రం కాదు, అందులో ఆపకుండా నడుస్తున్న సెషన్, అంటే ఒకసారి మొదలుపెట్టాక మళ్లీ మొదటి నుంచి లేచేదాకా సాగే నడక. ఈ రెండింటి వయసులూ వేరు. ఒకదాన్ని ఏళ్లలో లెక్కపెడతాం. రెండోదాన్ని అసలు లెక్కే పెట్టం.

లీక్ అంటే కారిపోవడం కాదు

"లీకైతే అది ఎక్కడికి పోతుంది? లోపల చిప్ పాడైనట్టా?" అని అడిగారు నాన్న, నేను మొదటిసారి మెమరీ లీక్ అన్నప్పుడు. న్యాయమైన ప్రశ్న. లీక్ అనగానే మనకు చిల్లికుండ గుర్తొస్తుంది, నీళ్లు బయటికి కారుతున్నట్టు. ఇక్కడ బయటికి కారేదేం లేదు. జరిగేది పేరుకుపోవడం. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి, చదివేసి, తెచ్చిన సంగతే మర్చిపోయామనుకోండి. పుస్తకం ఎక్కడికీ పోలేదు, మన అలమారలోనే ఉంది. రిజిస్టర్‌లో మన పేరు మీదే ఉంది. మనకు అక్కర్లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ప్రోగ్రామ్ ఇలా గంటకు పది పుస్తకాలు తెస్తూ పోతే కొన్నాళ్లకు లైబ్రరీ ఖాళీ. చిప్‌కు ఏ జబ్బూ ఉండదు.

ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ప్రోగ్రామ్‌ను మూసేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాని పేరు మీద ఉన్నదంతా ఒక్క ఊపులో వెనక్కి తీసేసుకుంటుంది. అందుకే రెండు సెకన్లలో పని ముగించుకుని పోయే ప్రోగ్రామ్ ఎంత మరిచినా ఎవరికీ నష్టం లేదు. మూసే పనే పెట్టుకోని ప్రోగ్రామ్‌లతోనే చిక్కు. రోజుల తరబడి తెరిచి ఉంచే బ్రౌజర్, గడియారం పక్కన ముడుచుకు కూర్చునే చిన్నా చితకా సహాయకులు, వాటికి అడుగున డ్రైవర్లు, అంటే ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే ప్రోగ్రామ్‌లు.

మరి ఈ మరుపుకు మందు ఎప్పుడో కనిపెట్టారు కదా అంటారు తెలిసినవాళ్లు. నిజమే. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ గార్బేజ్ కలెక్షన్‌ను వివరించిన వ్యాసం 1960లోనే వచ్చింది. ప్రోగ్రామ్ ఇక ఏ దారినా చేరుకోలేని మెమరీని వెతికి ఏరేసే పద్ధతి. జావా, జావాస్క్రిప్ట్ అన్నీ ఆ దారివే. అయితే ఆ కలెక్టర్‌కు తెలిసింది ఒక్కటే: "దీన్ని ఎవరైనా పట్టుకుని ఉన్నారా, లేదా?" పట్టుకున్నవాడికి దాంతో ఇంకా పనుందా అన్నది దానికి తెలియదు. చేతిలో పెట్టుకుని మర్చిపోయినదాన్ని అది లాక్కోదు. ఫైర్‌ఫాక్స్ చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. మెమరీ మింగేస్తోందని ఆ బ్రౌజర్‌కు ఏళ్ల తరబడి చెడ్డపేరు. 2011లో ఫైర్‌ఫాక్స్ ఇంజనీర్లు నికొలస్ నెదర్‌కోట్ తదితరులు మెమ్‌ష్రింక్ పేరుతో ప్రత్యేకంగా దీని మీదే కూర్చున్నారు. తీరా చూస్తే సమస్యలో పెద్ద వాటా యాడ్ఆన్‌లది, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లది. యాడ్ఆన్ ఎక్కడో ఒక చిన్న ముక్కను పట్టుకుని వదలదు. ఆ ముక్క కారణంగా ఎప్పుడో మూసేసిన పేజీ మొత్తం మెమరీలో బతికే ఉంటుంది. 2012 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 15లో, పేజీ మూయగానే యాడ్ఆన్ చేతిలోంచి ఆ ముక్కను బ్రౌజరే విడిపించే ఏర్పాటు చేశారు. అంతవరకు జనం తిట్టింది ఎవరిని? సగం మంది బ్రౌజర్‌ను, సగం మంది తమ కంప్యూటర్‌ను. యాడ్ఆన్ రాసినవాణ్ని తిట్టినవాళ్లు ఎంతమందో!

నాలుగు రోజుల నిఘా

నేనూ ముందు బ్రౌజర్ మీదే పడ్డాను. పేరున్న దొంగ కదా. రెండు రోజులు ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ తీసేసి చూశాను. నాన్న తెరిచి ఉంచిన ముప్పై ట్యాబులు మూయించాను. అందులో ఒక వార్తల పేజీ మాత్రం నిజంగానే దోషి. దానంతట అదే రిఫ్రెష్ అవుతూ, ఏమీ ముట్టుకోకపోయినా పూటకు పూట ఉబ్బుతోంది. అది మూశాక కాస్త తేడా కనిపించింది. రోగం మాత్రం పోలేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి, చాలామంది చేసేదే కాబట్టి. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరవగానే కనిపించే మెమరీ అంకెను నమ్మాను. ఆ అంకె చెప్పేది ఆ ప్రోగ్రామ్ ఆ క్షణాన ర్యామ్‌లో ఎంత జాగాలో ఉందన్నది మాత్రమే. లీకైన మెమరీని ఎవరూ మళ్లీ ముట్టుకోరు. ముట్టుకోనిదాన్ని విండోస్ మెల్లగా డిస్క్ మీది పేజ్ ఫైల్‌కు తోసేస్తుంది. అంటే లీకు ముదిరేకొద్దీ దొంగ ఆ అంకెలో మంచివాడిలా కనిపించే వీలుంది! చూడాల్సింది డీటెయిల్స్ ట్యాబ్‌లో కమిట్ సైజ్ అనే కాలమ్. అది మామూలుగా కనిపించదు, మనమే పెట్టుకోవాలి. తీసుకున్నది మొత్తం ఎంత అన్నది అక్కడ తెలుస్తుంది, ర్యామ్‌లో ఉన్నా డిస్క్‌లో ఉన్నా.

మూడో రోజు ఒక కాగితం తీసుకుని అన్ని ప్రోగ్రామ్‌ల అంకెలూ కూడిక వేశాను. 1.3 జీబీ వచ్చింది. వాడుకలో ఉన్నది 3.5 జీబీ అని పైన రాసుంది. మిగతా రెండు జీబీల పైచిలుకు ఎవరి ఖాతాలో? పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో, మెమరీ బొమ్మ కింద, ఎవరూ చూడని మూల ఒక అంకె ఉంటుంది, నాన్-పేజ్డ్ పూల్ అని. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, డ్రైవర్లు తమ కోసం తీసుకునే జాగా అది. డిస్క్‌కు తోయడానికి వీల్లేనిది, ర్యామ్‌లోనే ఉండి తీరాల్సింది. సాధారణంగా కొన్ని వందల ఎమ్‌బీలు దాటదు. ఇక్కడ 1.6 జీబీ! నాలుగు జీబీల ఇంట్లో ఒక మనిషి ఒకటిన్నర గదులు ఆక్రమించి తలుపేసుకున్నట్టు.

పక్కనే ఇంకో అంకె. కంప్యూటర్ ఎప్పటి నుంచి నడుస్తోందో చెప్పేది. 19 రోజులు.

"నాన్నా, రాత్రిళ్లు ఆపడం లేదా?"

"ఆపకపోవడమేంటి, రోజూ షట్ డౌన్ చేసే పడుకుంటున్నాను కదరా." కాస్త నొచ్చుకున్నారు కూడా.

ఆయన అబద్ధం చెప్పలేదు, కంప్యూటరూ చెప్పలేదు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్ డౌన్ నొక్కితే మన ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి లాగౌట్ చేస్తుంది. కానీ కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్నదున్నట్టుగా డిస్క్ మీద రాసుకుని పడుకుంటుంది. పొద్దున మొదటి నుంచి లేవకుండా, రాసుకున్నదాన్నే చదువుకుని లేస్తుంది. త్వరగా లేవడానికి. డ్రైవర్ మర్చిపోయిన మెమరీ కూడా ఆ రాతలో భాగమే. నిన్నటి చెత్త ఇవాళ్టికి జాగ్రత్తగా మోసుకొస్తుందన్నమాట. అదే రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా తుడిచి మళ్లీ మొదలు. షట్ డౌన్ పూర్తి విశ్రాంతి అని, రీస్టార్ట్ చిన్న కునుకని మనం అనుకుంటాం. జరిగేది తలకిందులు. కరెంటు పోయినప్పుడు రాసుకునే వ్యవధి ఉండదు కాబట్టి తప్పనిసరిగా మొదటి నుంచి లేవాల్సి వచ్చేది. అందుకే నాన్న కంప్యూటర్‌కు కరెంటు పోతే మంచిది.

దొంగ ఎవరో తేల్చడం నాలుగో రోజు పని. పూల్‌మాన్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత పనిముట్టు ఒకటుంది. పూల్‌లో మెమరీ తీసుకున్న ప్రతివాడూ నాలుగక్షరాల ట్యాగ్ పెట్టి వెళ్తాడు. దేని కింద ఎంతుందో అది చూపిస్తుంది. ఆ నాలుగక్షరాలు డ్రైవర్ ఫైళ్లలో వెతికితే మనిషి దొరుకుతాడు. దొరికింది యూఎస్‌బీ వైఫై బుడిపె డ్రైవర్. తయారుచేసినవాళ్లు దాన్ని వదిలేసి ఏళ్లయింది. పాటలు, వీడియోలు నడిచినంతసేపూ ఆ ట్యాగ్ కింద అంకె పైకే గానీ కిందికి రావడం లేదు. బుడిపె పీకి రూటర్ నుంచి వైరు లాగాను. రీస్టార్ట్ చేశాక పూల్ 150 ఎమ్‌బీల దగ్గర నిలబడి, వారం తర్వాత చూసినా అటూ ఇటూగా అక్కడే ఉంది.

కిందికి దిగే క్షిపణి, దిగని సర్వర్

ఇంత చదివాక మీకు వచ్చే ప్రశ్నే నాకూ వచ్చింది. నాలుగు రోజులు ఎందుకు, వారానికోసారి రీస్టార్ట్ చేయమని ఒక్క మాట చెబితే పోయేది కదా?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పైగా రీస్టార్ట్ అంటే చిన్నచూపు అక్కర్లేదనే నేనంటాను. 1995లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు దాన్నే సాఫ్ట్‌వేర్ రెజువెనేషన్ అని పేరు పెట్టి, కూలేదాకా ఆగకుండా ముందే ఆపి మొదలుపెట్టడం ఎంత లాభమో లెక్కలు కట్టారు. విమానాల్లోనూ ఇది ఉంది. బోయింగ్ 787 విద్యుత్ జనరేటర్ల నియంత్రణ పెట్టెలు 248 రోజులు ఏకబిగిన నడిస్తే ఆగిపోవచ్చని తేలితే, 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన తొలి ఆదేశం సారాంశం, ఆలోపే ఒకసారి కరెంటు తీసి పెట్టమని. అది లీకు కాదు, లోపల లెక్కపెట్టే అంకె తన హద్దు దాటిపోవడం. వైద్యం మాత్రం నాన్న కనిపెట్టిందే.

లీకు గురించి ప్రోగ్రామర్లు చెప్పుకునే క్షిపణి కథ ఒకటుంది. 1995లో కెంట్ మిచెల్ అనే ఇంజనీరు తన అనుభవంగా చెప్పింది. క్షిపణిలో వాడే సాఫ్ట్‌వేర్‌లో లీకులున్నాయని ఆయన ఎత్తిచూపితే, అక్కడి ముఖ్య ఇంజనీరు అవును ఉన్నాయి అన్నాడట. క్షిపణి ఎగిరే మొత్తం సమయంలో ఎంత లీకవుతుందో లెక్కగట్టి, దానికి రెట్టింపు మెమరీ ముందే అదనంగా పెట్టామన్నాడట. పేలిపోయాక ఇక మెమరీతో పనేముంది! వినగానే నవ్వొస్తుంది గానీ అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. లీకు ఎంతో తెలుసు, ప్రయాణం ఎంతసేపో తెలుసు.

దానికి పక్కన లండన్ అంబులెన్స్ సర్వీస్‌ను పెట్టి చూడండి. 1992 అక్టోబరు చివర కొత్త కంప్యూటర్ పద్ధతి అస్తవ్యస్తమై వాళ్లు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అది చాలనట్టు నవంబరు 4న సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. విచారణలో తేలిన కారణం: సుమారు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ మార్పు చేస్తూ పొరపాటున వదిలేసిన చిన్న ముక్క కోడ్. వాహనాన్ని పంపిన ప్రతిసారీ సర్వర్‌లో కొంచెం మెమరీ తీసుకుని వదలడం మానేసింది. రోజుకింత చొప్పున మూడు వారాలకు నిండింది. ఆ లీకు క్షిపణి లీకు కంటే పెద్దదేం కాకపోవచ్చు. ఆ సర్వర్‌కు కిందికి దిగడమనేది లేదు, అంతే.

ఇంట్లో కంప్యూటర్ ఈ రెండింటిలో ఏ జాతి? ఒకప్పుడు క్షిపణి జాతే. పొద్దున లేచేది, రాత్రి నేల మీదకి దిగేది. పగలంతా ప్రోగ్రామ్‌లు చేసిన అప్పులన్నీ రాత్రికి మాఫీ. ఆ మాఫీని నమ్ముకునే ఎందరో ప్రోగ్రామర్లు చిన్న లీకుల్ని చూసీ చూడనట్టు వదిలేశారు. నేనూ వదిలాను, ఎందుకు దాచడం. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్ర వచ్చింది, ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది, నిన్నటి ట్యాబులన్నీ మళ్లీ తెరుచుకునే బ్రౌజర్ వచ్చింది. మనకెవరికీ చెప్పకుండా ఇంటి కంప్యూటర్ సర్వర్ జాతిలోకి మారిపోయింది. దాని డ్రైవర్లు మాత్రం క్షిపణి కాలంనాటివే. ఈ మార్పు దెబ్బ ముందు తగిలేది తక్కువ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కే కాబట్టి నేరమూ దాని మీదే పడుతుంది.

ర్యామ్ పెంచితే పోలా

పోవచ్చు, ఒక్కోసారి. లెక్క సులువు. గంటకు 50 ఎమ్‌బీ లీకయ్యేదుంటే, 2 జీబీ ఖాళీ ఉన్నచోట 40 గంటలకు నిండుతుంది. ఇంకో 4 జీబీ వేస్తే 120 గంటలు. 40 గంటల లోపే నిజంగా ఆపి మొదలుపెట్టే అలవాటున్నవాళ్లకు ఆ అదనపు ర్యామ్ ఈ లీకు విషయంలో అక్కర్లేదు. 120 గంటలు దాటించేవాళ్లకు సరిపోదు. మధ్యలో ఉన్నవాళ్లకే ఉపయోగం. లీకు సంగతి పక్కనపెడితే 4 జీబీ ఈ రోజుల్లో ఎలాగూ చాలదు, వేయించుకోండి, నేను వద్దనను. దాన్ని లీకుకు మందు అనకండి, అంతవరకే నా అభ్యంతరం.

నాకు నిజంగా ఒళ్లు మండేది మెమరీ క్లీనర్లతో. నాన్న కంప్యూటర్లో కూడా ఒకటి ఉంది, నేనే ఎప్పుడో వేశానట. బటన్ నొక్కగానే పచ్చరంగులో "1.1 జీబీ ఖాళీ అయింది" అని చూపిస్తుంది. అది చేసే పని చాలావరకు, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను ర్యామ్ ఖాళీ చేయమని బలవంతపెట్టడం. ఖాళీ చేసినవి ఆ ప్రోగ్రామ్‌లకు మళ్లీ కావాలి, మరుక్షణం డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకుంటాయి. లీకైన సొత్తు ఎవరి పేరు మీదుందో వాళ్ల పేరు మీదే ఉంటుంది. నాన్-పేజ్డ్ పూల్ జోలికైతే అది వెళ్లనే లేదు. పాత హార్డ్ డిస్క్ మీద ఈ పని మంచిదాన్ని చెడగొట్టడమే.

అసలు ఖాళీ మెమరీ ఎంతుంటే అంత గొప్ప అనే నమ్మకం మీదే ఈ వ్యాపారమంతా. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు కాబట్టే ఆపరేటింగ్ సిస్టమ్‌లు దాన్ని ఫైళ్ల కాపీలతో నింపుకుని, ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తాయి. అది లీకు కాదు. లినక్స్‌లో ఈ అపార్థం ఎంత ముదిరిందంటే, నిజంగా ఎంత దొరుకుతుందో చెప్పే అంచనాను 2014లో కెర్నల్ 3.14లో ప్రత్యేకంగా చేర్చారు. ఫ్రీ అనే కాలమ్ వదిలేసి అవైలబుల్ అనే కాలమ్ చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక అవతలి పక్షం మాట. పాత కంప్యూటర్ నిజంగానే పాతది అయ్యే సందర్భాలు బోలెడు. డిస్క్ చావుకు దగ్గరపడొచ్చు. ఫ్యాన్‌లో దుమ్ము చేరి ప్రాసెసర్ వేడెక్కి తనంతట తనే నెమ్మదించొచ్చు. వెబ్ పేజీలు పదేళ్ల కిందటి కంటే చాలా బరువెక్కాయన్నది కళ్లెదుట కనిపిస్తున్నదే. తేడా పట్టుకోవడానికి నేను వాడేది ఒక్కటే. షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ చేసి, మొదటి గంట చూడండి. ఆ గంటలోనే విసిగిస్తుంటే లీకు గురించి ఆలోచించడం దండగ, వేరే జబ్బు. మొదటి గంట గుర్రంలా పరిగెత్తి, రోజులు గడిచేకొద్దీ చతికిలబడితే మాత్రం వయసు మాట ఎత్తకండి. రీస్టార్ట్ చేస్తే వయసు తగ్గదు కదా.

ఫాస్ట్ స్టార్టప్‌ను ఏం చేశానంటారా? ముందు కోపంతో తీసేశాను. మర్నాడే నాన్న ఫోన్: "బాగుచేస్తానని వచ్చి ఇంకా నెమ్మది చేసి పోయావేంట్రా, లేవడానికి రెండు నిమిషాలు పడుతోంది." తిరిగే డిస్క్ ఉన్న కంప్యూటర్లకే ఆ సదుపాయం తేడా బాగా తెలిసేది మరి. వైఫై బుడిపె ఎలాగూ పోయింది కాబట్టి మళ్లీ పెట్టేశాను. అప్పటి నుంచి నాన్న ఆదివారం రాత్రి మాత్రం షట్ డౌన్ బదులు రీస్టార్ట్ చేసి, అది లేచాక ఆపుతున్నారు. నేను చెప్పలేదు, ఆయనే పెట్టుకున్న నియమం.

పోయిన నెల వెళ్లినప్పుడు కాగితం తీసి మళ్లీ కూడిక వేశాను. ప్రింటర్‌తో వచ్చిన సహాయక ప్రోగ్రామ్ ఒకటి గంటకు 2 ఎమ్‌బీ చొప్పున పెరుగుతోంది. నాన్న రోజుకు పది గంటలు వాడతారు, అంటే 20 ఎమ్‌బీ. అది డ్రైవర్ కాదు, మామూలు ప్రోగ్రామ్, రాత్రి షట్ డౌన్‌తో పోతుంది. వదిలేశాను. "అదేంటి, లీకు కనపడితే వదలకూడదన్నావుగా?" అన్నారు నాన్న, భుజం మీంచి కాగితం చూస్తూ. క్షిపణి కథ చెప్పాను. ఆయన అంకెలు ఇంకోసారి కూడి చూసి, కాగితం మడిచి కీబోర్డు కింద పెట్టుకున్నారు.